మామ్మకి మామ్మ పేరేమిటి?

మీ తాతగారి తాతగారి పేరు చెప్పమంటే చాలామంది టక్కున చెప్పేస్తారు. పొలం కాగితాల్లో చూసుంటారు, గుడి గోడ మీద చదివుంటారు, పెళ్ళిలో పురోహితుడు మూడు తరాలూ ఏకరువు పెడుతుంటే వినుంటారు. మరి మామ్మకి మామ్మ పేరేమిటి? ఆవిడ ఏ ఊరి ఆడపిల్ల? కన్నవారి ఇంటిపేరేమిటి?

ఇప్పుడు నోరు పెగలదు. అవునా?

నాకూ పెగల్లేదు. కొన్నేళ్ళ కిందట సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా మామ్మనే అడిగాను.

"మామ్మా, మీ మామ్మ పేరేటి?"

"ఏటోరా బాబూ, నడిమింటోలి కోడలనీవోరు అందరూ."

"పేరుండదా?"

"ఉండకేటి? పిలిచీవోలుంటే కదా."

పిలిచేవాళ్ళు లేక మరుగునపడ్డ అలాంటి పేర్లని కాగితాల్లో పట్టుకోవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం. శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 19వ శతాబ్దంలో పుట్టిన ఆడమనిషి కోసం వెతికేవాళ్ళు ముందు ఒక అలవాటు మానుకోవాలి. ఆవిడ పేరు పట్టుకుని రిజిస్టర్లు తిరగెయ్యడం. అప్పటి గుమస్తాకి ఆవిడ పేరుతో పనే లేదు. తండ్రి భూమి రాసిచ్చినప్పుడో, పెనిమిటి పోయినప్పుడో, పిల్లల్లేక దత్తత తీసుకున్నప్పుడో, దాయాదులు కోర్టుకెక్కినప్పుడో, ఓడ రేవులో నిలబడ్డప్పుడో మాత్రమే "నీ పేరేమిటమ్మా" అని అడిగాడు. ఆ ఘడియ ఎప్పుడు వచ్చిందో ఊహించగలిగితే పేరు దానంతటదే దొరుకుతుంది.

ఆడపిల్లల్ని ఎలా లెక్కపెట్టేవారో తెలియాలంటే గురజాడ కన్యాశుల్కానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాట చూడండి. విశాఖపట్నం జిల్లాలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళపాటు జరిగిన శుల్కం పెళ్ళిళ్ళకి విజయనగరం మహారాజు జాబితా తీయించారట. మొత్తం 1,034 పెళ్ళిళ్ళు. వాటిలో 99 మంది పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఏడాది. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. వయసు ఉంది, వెల ఉంది. పేర్లు మాత్రం అచ్చుకెక్కలేదు. ఆ 99 మందిలో ఒకావిడ మీ మామ్మకి మామ్మ కావచ్చు.

సరే, పనిలోకి దిగుదాం.

1. తారీకులు అడగొద్దు, దారులు అడగండి

పెద్దవాళ్ళ పక్కన కూర్చుని "ఏ సంవత్సరంలో పుట్టారు?" అని మొదలుపెడితే మాట అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు ఇలా అడిగి చూడండి. కన్నవారింటికి బండి ఏ దారిన పోయేది? ఏ ఏరు దాటేవారు? సారె ఏ ఊరి నుంచి వచ్చేది? సిరిమాను సంబరం చూడ్డానికి విజయనగరం వెళితే ఎవరింట్లో దిగేవారు? ఎవరింట్లో పురుడు పోసుకున్నారు?

రాజాం వైపు ఊళ్ళో ఉన్న ఒక ముసలావిడ "మాయమ్మ కన్నోరింటికెల్లాలంటే రెండేర్లు దాటాల" అందనుకోండి. నాగావళి ఒకటి, వంశధార ఒకటి. రెండూ దాటితే నరసన్నపేట, టెక్కలి వైపు తేలతాం. అంటే మీరు చూడాల్సింది పాత విశాఖపట్నం జిల్లా కాగితాలు కాదు, గంజాం జిల్లావి. ఒక్క మాటతో జిల్లాయే మారిపోయింది చూశారా? ఏ సంవత్సరమో అడిగి ఉంటే ఈ సంగతి బయటపడేదా?

కొన్ని ఇళ్ళలో కోడళ్ళని కన్నవారి ఊరి పేరుతోనే పిలిచేవారు. బొబ్బిలమ్మ, సాలూరమ్మ అని. అది ముద్దుపేరు అనుకుని వదిలెయ్యకండి, అది చిరునామా.

అటక మీది ఇత్తడి సామాను కిందికి దించండి. సారెలో పెట్టిన బిందెల మీద, గంగాళాల మీద పేరు చెక్కించేవారు. అవి బుడితిలో చేయించినవైనా, సంతలో కొన్నవైనా, అంచు కింద చింతపండుతో తోమి చూడండి. తర్పణాలు వదిలే ఇళ్ళయితే ఇంకో దారి ఉంది. తండ్రి వైపు తల్లి, నాన్నమ్మ, ఆవిడ అత్తగారు, తల్లి వైపు అమ్మమ్మ, ఆవిడ అత్తగారు, ఆ పైన ఇంకొకావిడ, ఇన్ని పేర్లు చెప్పాలి. ఆ పేర్లు రాసుకున్న చీటీ ఏ పాత పంచాంగంలోనో, పురోహితుడి పుస్తకంలోనో ఉంటుంది. మగవాళ్ళు తద్దినం పెట్టడం కోసం దాచుకున్న ఆ చీటీలే ఆడవాళ్ళ పేర్లు నిలబెట్టాయి. గయ వెళ్ళి పిండాలు పెట్టొచ్చిన పెద్దలుంటే అక్కడి పండాల పుస్తకాల్లో కూడా మీ ఊరి పేరు చెప్పి వెతికించవచ్చు.

2. కాలాన్ని మన లెక్కలోకి తెచ్చుకోండి

పాత కాగితాల మీద ఫసలీ ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1295 అంటే 1885 జులై నుంచి 1886 జూన్ వరకు. ఇంట్లో చెప్పే లెక్క వేరు. "అక్షయ నామ సంవత్సరంలో పుట్టింది" అంటారు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కనుక 1866 కావచ్చు, 1926 కావచ్చు. పెద్దకొడుకు వయసు పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది. అన్నట్టు, అక్షయ అని పేరు పెట్టుకున్న ఆ 1866లోనే గంజాంలో ఘోరమైన కరువు. "కరువులో పుట్టింది" అన్నా, "రైలు పడకముందే పెళ్ళయింది" అన్నా చాలు. మన వైపు పట్టాలు వేసింది 1890లలో.

3. లేని జిల్లాలో వెతక్కండి

అందరూ చేసే తప్పు ఇదే. 1880లో శ్రీకాకుళం జిల్లా లేదు. విజయనగరం జిల్లా అంతకన్నా లేదు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న, పార్వతీపురం మన్యం 2022 ఏప్రిల్ 4న పుట్టాయి. అంతకుముందు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉండేవి. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పాలకొండ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్ళాయి, శ్రీకాకుళం వైపు తాలూకాలు ఇటు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి.

దీనివల్ల మీకేమిటి? ఇచ్ఛాపురం కోడలు బరంపురం ఆడపడుచు అయితే ఆవిడ పుట్టింటి కాగితాలు ఇప్పుడు ఒడిశాలో ఉన్నాయి. గంజాం కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉంటుంది. మద్రాసు ప్రభుత్వం దగ్గరికి వెళ్ళిన పై స్థాయి కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడి జాబితాల్లో "శ్రీకాకుళం" అని వెతికితే ఏమీ రాదు. అప్పటి దొరలకి అది చికకోల్. భీమిలి వాళ్ళకి బిమ్లిపటం. ఒక కాగితం మీద మీ ఊరి పేరు ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే రాసుకుని వెళ్ళండి.

ఏ జమీందారీలో ఏ ఊరుందో తెలుసుకోవడానికి కార్‌మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, మాల్ట్‌బీ 1882లో రాసిన గంజాం మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీరు పనికొస్తాయి. మీ మామ్మ పేరు వాటిలో ఉండదు. ఆవిడ శిస్తు ఎవరికి కట్టిందో ఉంటుంది.

4. పుట్టుక వదిలెయ్యండి, చావు చూడండి

పుట్టిన తేదీ దొరకలేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎందుకు దొరుకుతుంది? మద్రాసు రాష్ట్రంలో పల్లెటూళ్ళ జననమరణాల లెక్కకి చట్టం వచ్చిందే 1899లో. 1875లో పుట్టినావిడ పుట్టుక రాసి ఉండకపోవచ్చు. కానీ ఆవిడ 1930లోనో 1940లోనో పోయి ఉంటే? ఆ చావు రాసి ఉండే అవకాశం ఉంది. పెనిమిటి పేరో తండ్రి పేరో, ఉజ్జాయింపు వయసు, ఊరు, తేదీ దొరకొచ్చు. అక్కడి నుంచి వెనక్కి నడవండి.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మరుసటేడు మండలాలు వచ్చాయి. కరణాల ఇళ్ళల్లో ఉన్న కట్టలు చేతులు మారి తహసీల్దారు కచేరీలకి చేరాయి, కొన్ని దారిలోనే పోయాయి. కాబట్టి మీ మండలంలో లేదంటే పాత తాలూకా కేంద్రంలో అడగండి. నేను ఒక ఆఫీసులో అడిగితే "చెదలు తినేసింది సార్" అన్నారు. రెండోసారీ అదే మాట. మూడోసారి వెళ్ళినప్పుడు అటెండరు దగ్గర కూర్చుని టీ తాగి, ఆయన మామ్మ గురించి నేను అడిగాను. అక్కడే బీరువా పైన, గోనెసంచిలో ఆ రిజిస్టరు దొరికింది. అన్నిసార్లూ ఇలా జరగదు. జరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా ఊరు, ఫలానా ఏళ్ళ మరణ రిజిస్టరు మీ దగ్గర ఉందా" అని ఒక్క ప్రశ్నే అడగండి. పది ప్రశ్నలు అడిగితే పదకొండు సాకులు వస్తాయి.

జనాభా లెక్కల కోసం తిరిగేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో ఉన్న మనవడు "మా ఆఫీసులో ఒకాయన 1850 సెన్సస్‌లో వాళ్ళ ముత్తవ్వ పేరు చూపించాడు, మనకీ ఉంటుంది కదా" అని ఫోన్ చేస్తాడు. అక్కడ ఆ ఏడాది నుంచి బానిసలు కాని ప్రతి మనిషి పేరూ రాశారు, ఆ పుస్తకాలు దాచారు. మనకి 1871 నుంచి లెక్కలున్నాయి కానీ చేతికొచ్చేవి అచ్చేసిన మొత్తాలే. పేర్లుండవు. అటు వెళ్ళి టైము పాడుచేసుకోకండి.

5. పసుపుకుంకుమ దస్తావేజు

ఆడమనిషి కన్నవారి ఇంటిపేరూ అత్తవారి ఇంటిపేరూ ఒకే కాగితం మీద కనిపించే చోటు ఇది. కూతురికి తండ్రి, చెల్లెలికి అన్న పసుపుకుంకుమ కింద రాసిచ్చిన భూమి. ఇచ్చేవాడి ఇంటిపేరు ఒకటి, పుచ్చుకునే ఆవిడ పెనిమిటి ఇంటిపేరు ఒకటి. మీకు కావలసింది అంతే కదా?

ఇది ఎక్కడ ఉంటుంది? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో. మన దేశంలో రిజిస్ట్రేషన్ చట్టం 1860ల నుంచి ఉంది. ఈసీ, అంటే ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్, మీకు తెలిసినదే, ఇల్లు కొన్నప్పుడు తీసుంటారు. ఆన్‌లైన్లో వచ్చేది మాత్రం 1983 తరవాతిదే. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్ళి పుస్తకాలు వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే పుస్తకం ఒకటో నంబరుది. దాన్నీ దాని సూచికల్నీ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, చట్టంలో ఆ హక్కు ఉంది. "మీకేం సంబంధం?" అని అడిగితే భయపడకండి. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి. రాసినవారు పోయాక వాటి నకలు కూడా ఎవరైనా అడగొచ్చు. నాలుగో నంబరు పుస్తకం మాత్రం ఆ దస్తావేజుతో సంబంధం ఉన్నవాళ్ళకే.

సూచికలు రెండు రకాలు. ఒకటి మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తితో. మీరు ఏది అడుగుతారు? పేర్లది అడుగుతారు. నేనూ అదే చేశాను. మూడు రోజులు పోయాయి. ఆస్తి సూచిక అడగండి. ఊరు పెట్టుకుని, మీ కుటుంబం భూమి హద్దులు పెట్టుకుని వెతకండి. హద్దుల్లో తూర్పున ఎవరు, పడమర ఎవరు అన్నది చదివితే సగం దాయాదులు అక్కడే దొరుకుతారు.

ఒక చిక్కు ఉంది. 100 రూపాయల లోపు అమ్మకాలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది కాదు. అప్పట్లో 100 రూపాయలు చిన్న మొత్తం కాదు కనుక చిన్న రైతుల కాగితాలు చాలా ఆఫీసుకి చేరనే లేదు. అవి ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంటాయి. హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లకి తడవకుండా మిగిలితే. వచ్చే గాలివానకి ముందే ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి.

దస్తావేజు దొరికాక చదవడం ఇంకో యుద్ధం. గొలుసుకట్టు రాత. అక్షరం అక్షరం విడదీయడం మీ వల్ల కాదు, నా వల్ల కాలేదు. ఊళ్ళో పాత దస్తావేజు లేఖరి గాని, కరణం పని చూసిన ఇంటివాళ్ళు గాని ఎవరుంటారో కనుక్కోండి. చూడగానే పాటలా చదివేస్తారు. ఊరికే చేయించుకోకండి, ఏదో ఒకటి చేతిలో పెట్టండి.

6. వితంతువు రాసిన కాగితం

అన్నిటిలోకీ సంపన్నమైన కాగితం ఇదే. ఎందుకో చెబుతాను.

అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం పెనిమిటి పోయి, కొడుకుల్లేని ఆడమనిషికి అతని వాటా భూమి దక్కినా అనుభవించే హక్కే తప్ప ఇష్టమొచ్చినట్టు అమ్మే హక్కు లేదు. ఆవిడ తరవాత అది పెనిమిటి వైపు వారసులకి పోవాలి. తప్పనిసరి అవసరం ఉంటేనే అమ్మాలి. రేపు దాయాదులు కోర్టుకెక్కితే ఆ అవసరం ఏమిటో కొన్నవాడే రుజువు చేసుకోవాలి. అందుకని కొనేవాడు జాగ్రత్తపడేవాడు. పెనిమిటి చేసిన అప్పెంత, ఎవరికి, కూతురి పెళ్ళి ఎవరితో, గయలో శ్రాద్ధానికి ఎంత అయింది, అన్నీ దస్తావేజులో రాయించేవాడు. పెనిమిటి అన్నదమ్ముల చేత, ఆవిడ తోడబుట్టినవాళ్ళ చేత సాక్షి సంతకాలు పెట్టించేవాడు.

ఆవిడ హక్కుని కత్తిరించిన చట్టమే ఆవిడ కథ రాయించింది. దీన్ని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

ఉమ్మడి కుటుంబంలో మొగుడు పోతే 1937 చట్టం వచ్చేదాకా ఆవిడకి ఆస్తిలో వాటా కూడా లేదు, తిండీబట్టా మాత్రమే. అప్పుడు మనోవర్తి దస్తావేజు వెతకండి. ఏడాదికి ఇన్ని పుట్ల ధాన్యం, ఇన్ని బట్టలు, ఇంట్లో ఫలానా గది అని ఉంటుంది. పిల్లల్లేకపోతే దత్తత దస్తావేజు. మద్రాసు రాష్ట్రంలో వితంతువు దత్తత చేసుకోవాలంటే పెనిమిటి అనుమతి గాని, దగ్గరి జ్ఞాతుల సమ్మతి గాని ఉండాలి. ఆ సమ్మతి ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు అన్నదే సగం వ్యాజ్యాలకి మూలం. గంజాంలోని చిన్నకిమిడి జమీందారీలో ఇలాంటి దత్తత తగువు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1876లో తీర్పయింది. విజయనగరంలో 1897లో మహారాజు ఆనంద గజపతి పోయాక గురజాడ ఆయన సోదరి, రీవా మహారాణి అప్పల కొండయాంబ దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా చేరి సంస్థానం వ్యాజ్యాల్లో మునిగారు.

మీది జమీందారీ కుటుంబం కాదు, ఒప్పుకుంటాను. అయినా మున్సిఫ్ కోర్టులో వాటాల దావా పడితే పిటిషన్‌తో పాటు వంశవృక్షం జతచేసేవారు. అందులో ఆడవాళ్ళు ఉంటారా? వారసత్వం వాళ్ళ మీదుగా నడిస్తే ఉంటారు. అందుకే "మన ఇంట్లో ఎప్పుడైనా కోర్టు తగువులు జరిగాయా?" అని అడగండి. పెద్దవాళ్ళు సిగ్గుపడి లేదంటారు. పక్కింటి వాళ్ళని అడగండి, వివరంగా చెబుతారు.

7. జమీందారీ ఊళ్ళు, మాన్యాలు

1802 నుంచి మన వైపు ఊళ్ళు చాలామటుకు జమీందారీలు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, కురుపాం, సాలూరు, మందస. అక్కడ రైతు పేరు సర్కారు లెక్కలో ఉండదు, జమీందారు ఠాణా లెక్కలో ఉండేది. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సర్వే చేసి రైతుల పేర్లు రాశారు. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు, రెవెన్యూ ఆఫీసులో ఎస్ఎఫ్ఏ అంటే చాలు. 1870లలో, 1880లలో పుట్టి, ముసలితనంలో పొలం తన పేర ఉన్న వితంతువులు అందులో కనబడతారు. అక్కడి నుంచి వెనక్కి వెళ్ళండి.

మాన్యం భూములుంటే మీ అదృష్టం. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ప్రతి ఇనామునీ విచారించి రాసిన రిజిస్టర్లలో అప్పుడు అనుభవిస్తున్నవాళ్ళ పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడికి వాళ్ళేమవుతారో ఉంటాయి. గుళ్ళో ఆట పాటల సేవకి మాన్యం ఉన్న కుటుంబాల్లో అయితే ఆడవాళ్ళే హక్కుదారులు, పేర్లు తల్లి నుంచి కూతురికి నడుస్తాయి. మిగతా కులాల ఆడవాళ్ళకి లేని వరస ఇది. ఆ కుటుంబాల మనవలు ఈ సంగతి బయటికి చెప్పుకోడానికి ఇబ్బంది పడతారు. పడక్కర్లేదు. నూటయాభై ఏళ్ళ కిందటి అమ్మమ్మల పేర్లు వరసగా చెప్పగలిగినవాళ్ళు మనలో ఎంతమంది?

8. ఓడ ఎక్కినావిడ

"మా ముత్తాత అప్పచెల్లెలు ఒకావిడ ఎటో పోయిందంట" అనే కథ మీ ఇంట్లో ఉందా? రంగం వెళ్ళిందంటే వెతకడం కష్టం. రంగూన్‌కి మేస్త్రీల వెంట వెళ్ళారు, ఒక్కొక్కరికీ ఒప్పంద కూలీ పాసులు రాయలేదు. దక్షిణాఫ్రికాలోని నేటాలో, ఫిజీయో, మారిషసో అయితే మాత్రం ఊళ్ళో ఉండిపోయిన అక్క కంటే ఓడెక్కిన చెల్లెలి వివరాలే ఎక్కువ దొరుకుతాయి.

మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా ఒప్పందం మీద నేటాల్ వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు వాళ్ళలో బోలెడంతమంది. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు వెళ్ళారు, మద్రాసు నుంచి 1903లో మొదలైంది. ప్రతి వందమంది మగవాళ్ళకీ 40 మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం. వాళ్ళ పాసుల్లో కూడా ఇవే వివరాలు. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర 1860ల నుంచి కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి.

డర్బన్ నుంచి ఒకావిడ మామ్మ నంబరు పట్టుకుని ఇక్కడికొచ్చిందనుకోండి. కాగితం మీద ఊరి పేరు తమిళం తెలిసిన గుమస్తాకి ఎలా వినబడితే అలా ఉంది. ఆ పేరుకి దగ్గరగా నాలుగు ఊళ్ళున్నాయి. ఏం చెయ్యాలి? తాలూకా పేరు ముందు ఖాయం చేసుకోవాలి. తరవాత ఆ కులం వాళ్ళు ఆ నాలుగు ఊళ్ళలో ఎక్కడున్నారో చూడాలి. ఆఖరున తండ్రి పేరు. తండ్రి పేరుతో మొదలుపెడితే ఊరికో అప్పలసామి తగులుతాడు.

9. అన్నీ ఒకే పేర్లు

మన వైపు దేవుళ్ళు కొద్దిమంది. సింహాచలం అప్పన్న, అరసవల్లి సూరీడు, శ్రీకూర్మం, పైడితల్లి. వాళ్ళ పేర్లే ఊరంతా. సింహాచలం అంటే మగో ఆడో తెలియదు. అప్పలనరసమ్మలు ఒకే వీధిలో నలుగురు. పేరు కలిసింది కదా అని ఎగిరి గంతెయ్యకండి. పేరుతో పాటు ఇంకో రెండు కలవాలి. పెనిమిటి పేరు, ఊరు, భూమి హద్దు, సాక్షి, వీటిలో ఏవో రెండు.

పైగా నాన్నమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆనవాయితీ ఉంది. కోడలు అత్తగారి పేరు నోటితో పలకకూడదు కదా, మరి అదే పేరున్న కన్నకూతుర్ని ఎలా పిలుస్తుంది? చిట్టి అనో, తల్లీ అనో, అమ్మీ అనో పిలుస్తుంది. ఆ పిలుపే స్థిరపడిపోతుంది. ఇంట్లో ఎవరికైనా పిలుపు ఒకటి, కాగితం మీద పేరు ఒకటి ఉంటే ఎందుకో అడగండి.

ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఏడాదిన్నర మిగిలేది. మా మామ్మ పుట్టిన ఊరి ఆస్తి సూచికలో ఆఖరికి నడిమింటివాళ్ళ దస్తావేజు ఒకటి దొరికింది. వితంతువు కాగితమే. కూతురి పెళ్ళికి ముప్పావు ఎకరం పల్లం అమ్మింది. సాక్షుల్లో ఒకడి ఇంటిపేరు వేరు, ఊరు వేరు. ఆవిడ తమ్ముడు. అలా కన్నవారి ఊరు కూడా తేలింది. కింద ఆవిడ పేరు, పక్కన నిశాని, వంకర గీత ఒకటి. ఆ పేరు మా మామ్మ రేషన్ కార్డు మీదున్న పేరే.

నకలు పట్టుకెళ్ళి చదివి వినిపించాను. ఊరంతా అమ్మి అని పిలిచే మా మామ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత అంది.

"అందుకేనేటిరా, మాయమ్మ ఒక్కనాడైనా నన్ను పేరెట్టి పిలవనేదు."